ఎయిర్‌బ్రష్ సెటప్: ముందు మాస్క్, తర్వాత గాలి, ఆ తర్వాతే గన్ | ఎపిసోడ్ టెక్స్ట్

ఈ రోజు ఎపిసోడ్ కొంచెం లెంగ్తీగా ఉంటుంది. వీలైతే ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి, మధ్యలో కంప్రెసర్ ఆన్ చేసి సౌండ్ వినిపిస్తాను. టాపిక్ ఏంటంటే, ప్లాస్టిక్ మోడల్ కిట్స్‌కి ఎయిర్‌బ్రష్‌తో రంగు వేయాలంటే ఏమేం కావాలి, ఏది ముందు కొనాలి, దేని మీద డబ్బులు పెట్టక్కర్లేదు.

ఈ వీడియో చేయడానికి కారణం ఒక తమ్ముడు పెట్టిన మెసేజ్. పీజీలో ఉంటాడట. రూమ్‌లో కిటికీ మూసి, ఏసీ వేసుకుని, ల్యాకర్ పెయింట్ రెండు గంటలు కొట్టాడు. తల పగిలిపోతోంది అన్నా, ఏ మాత్ర వేసుకోవాలి అని అడిగాడు. మాత్ర కాదు నాన్నా, ముందు బయటికెళ్లి గాలి పీల్చుకో, తగ్గకపోతే డాక్టర్ దగ్గరికెళ్లు అని చెప్పాను. తర్వాత అతను ఏమేం కొన్నాడో లిస్ట్ అడిగితే చాలా బాధేసింది. గన్ మీద మంచి డబ్బే పెట్టాడు. రంగులు పద్దెనిమిది సీసాలు. మాస్క్ మాత్రం లేదు.

దాదాపు అందరూ ఇదే ఆర్డర్‌లో కొంటారు. ఎందుకంటే రీల్స్‌లో కనిపించేది గన్ ఒక్కటే కదా. నేను చెప్పే ఆర్డర్ దీనికి రివర్స్: మాస్క్, గాలి, చివర్లో గన్. ఎందుకో ఒక్కొక్కటిగా చూద్దాం.

దానికంటే ముందు, అసలు ఎయిర్‌బ్రష్ ఎందుకు, కుంచెతో వేస్తే పోదా అనే వాళ్లకి ఒక చిన్న లెక్క. ఈ టేబుల్ మీద ఉన్నది మిగ్-21, 1/48 స్కేల్, చెక్ రిపబ్లిక్ కంపెనీ ఎడువార్డ్ వాళ్ల కిట్. ఈ విమానం 1963లో మన ఎయిర్‌ఫోర్స్‌లోకి వచ్చింది, 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో రిటైర్ అయింది. 1/48 అంటే అసలు విమానంలో 48 సెంటీమీటర్లు ఇక్కడ ఒక్క సెంటీమీటర్. మరి రంగు పూత? పూత మందం మిల్లీమీటర్‌లో ఇరవయ్యో వంతు అనుకుందాం. దాన్ని 48 పెట్టి గుణించండి. రెండున్నర మిల్లీమీటర్లకి దగ్గర్లో వస్తుంది. అంటే అసలు విమానానికి రెండున్నర మిల్లీమీటర్ల మందాన రంగు పూసినట్టు! గోడకి సున్నం కొట్టినట్టే. ఈ రెక్క మీద వెంట్రుకంత సన్నగా ఉన్న ప్యానెల్ లైన్స్ అన్నీ దాని కింద పూడుకుపోతాయి. ఎయిర్‌బ్రష్ గాలితో రంగుని పొగమంచులా చేసి పల్చగా, పొర మీద పొరగా వేస్తుంది. విషయం అంతే. కుంచెతో అద్భుతంగా వేసేవాళ్లు ఉన్నారు, వాళ్లకి దండం. కానీ విమానం, కారు లాంటి నున్నటి పెద్ద సర్ఫేస్ మీద ఎయిర్‌బ్రష్ పని చాలా ఈజీ చేస్తుంది.

సరే, మాస్క్. రంగుని పొగమంచులా చేస్తుంది అన్నాను కదా, ఆ మంచు అంతా మోడల్ మీదే పడదు. కొంత గాల్లో ఉంటుంది. అక్కడే మన ముక్కు ఉంటుంది. ఇందులో రెండు వేరు వేరు ప్రమాదాలు ఉన్నాయి, చాలామంది కలిపేస్తారు. ఒకటి రంగు కణాలు, అంటే డస్ట్ లాంటివి. రెండోది థిన్నర్ ఆవిరి, అంటే గ్యాస్. కోవిడ్ టైమ్‌లో కొన్న ఎన్95 మాస్క్ ఇంట్లో ఉంది కదా, అది చాలదా అంటారు. ఎన్95 కణాలని ఆపుతుంది. ఆవిరిని ఆపదు. దోమతెరలోంచి పొగ వెళ్లిపోయినట్టు వెళ్లిపోతుంది. అది పెట్టుకుని ల్యాకర్ కొడితే, పెట్టుకున్నాం కదా అనే ధైర్యం తప్ప ఇంకేం మిగలదు.

ఆవిరికి కావాల్సింది హాఫ్ ఫేస్ రెస్పిరేటర్. ఇదిగో, ఇలా రెండు పక్కలా గుండ్రంగా కార్ట్రిడ్జ్‌లు ఉంటాయి. లోపల యాక్టివేటెడ్ కార్బన్, అంటే ప్రత్యేకంగా తయారు చేసిన బొగ్గు, ఆవిరిని పట్టుకుంటుంది. త్రీఎం వాళ్ల 6200 మీడియం సైజు, 6100 స్మాల్, 6300 లార్జ్. మొహాన్ని బట్టి తీసుకోండి, మీడియం అందరికీ సరిపోదు. దానికి 6001 అనే కార్ట్రిడ్జ్ ఆర్గానిక్ వేపర్ కోసం. దాని పైన 5ఎన్11 అనే తెల్లటి ఫిల్టర్, అది కణాల కోసం. దాన్ని పట్టి ఉంచే ప్లాస్టిక్ మూత 501. ఈ నంబర్లు స్క్రీన్‌షాట్ తీసుకోండి. వేరే కంపెనీ కొన్నా పర్లేదు, ప్యాక్ మీద ఆర్గానిక్ వేపర్ అని రాసి ఉండాలి, దానితో పాటు పార్టిక్యులేట్ ఫిల్టర్ ఉండాలి. ఇండస్ట్రియల్ సేఫ్టీ సామాన్లు అమ్మే షాపుల్లో దొరుకుతాయి. హెల్మెట్లు, గ్లవ్స్, ఆరెంజ్ జాకెట్లు వేలాడదీసి ఉంటాయి చూడండి, ఆ షాపులు.

పెట్టుకున్నాక రెండు అరచేతులతో ఆ కార్ట్రిడ్జ్‌లని మూసి గాలి పీల్చండి. మాస్క్ మొహానికి అతుక్కుని కొంచెం లోపలికి లాగినట్టు అవ్వాలి. అవ్వకపోతే ఎక్కడో లీక్ ఉంది. గడ్డం ఉన్నవాళ్లు, నాకు తెలుసు ఈ మాట నచ్చదు, గడ్డం ఉంటే సీల్ పడదు. మన హీరోలందరూ గడ్డంతోనే ఉన్నారు, ఏం చేస్తాం. ల్యాకర్ కావాలా గడ్డం కావాలా తేల్చుకోండి. గడ్డమే అంటే వాటర్ బేస్డ్ రంగులకి వెళ్లండి, దానికి కూడా గాలి బాగా ఆడే చోట కూర్చోండి.

ఇంకొకటి. పని అయ్యాక మాస్క్‌ని గోడకి మేకుకి తగిలించకండి. ఆ బొగ్గు మీరు వాడినా వాడకపోయినా గాల్లో ఉన్నవి పీల్చుకుంటూనే ఉంటుంది. జిప్‌లాక్ కవర్‌లో పెట్టి మూసేయండి. మాస్క్ పెట్టుకున్నాక కూడా థిన్నర్ వాసన వస్తుంటే కార్ట్రిడ్జ్ పని అయిపోయినట్టు, లేదా సీల్ సరిగ్గా లేనట్టు. ఆ రోజుకి ఆపేయండి.

మాస్క్ మీకు మాత్రమే. రూమ్‌మేట్‌కి లేదు, పక్క గదిలో పడుకున్న చిన్నపిల్లలకి లేదు. కాబట్టి ఆవిరి బయటికి పోవాలి. స్ప్రే బూత్ అని అమ్ముతారు, ఫ్యాన్, ఫిల్టర్, వెనక కిటికీలోంచి బయటికి వేసే పైపు ఉంటుంది. కొనగలిగితే మంచిది. కొనేటప్పుడు ఫ్యాన్‌కి బ్రష్‌లెస్ మోటార్ ఉందా చూడండి, ఎందుకంటే మామూలు బ్రష్ మోటార్లలో లోపల నిప్పురవ్వలు వస్తాయి, ఆవిరి దాని మీదుగానే వెళ్తుంది. బూత్ లేకపోతే కిటికీ దగ్గర కూర్చుని, ఎదురుగా గాలి బయటికి పోయేలా, వెనక తలుపు తీసి పెట్టుకోండి. ఏసీ పనికిరాదు. స్ప్లిట్ ఏసీ రూమ్‌లో ఉన్న గాలినే మళ్లీ మళ్లీ తిప్పుతుంది. ఆ తమ్ముడికి తలనొప్పి వచ్చింది ఇందుకే. అపార్ట్‌మెంట్‌లో బాత్రూమ్ కిటికీలన్నీ తెరుచుకునే డక్ట్ ఉంటుంది కదా, పైపు దాంట్లోకి వదలకండి, పై ఫ్లోర్ వాళ్ల బాత్రూమ్‌లో తేలుతుంది.

నిప్పు సంగతి చెప్పక్కర్లేదు అనుకుంటాం, కానీ మన ఇళ్లల్లో నిప్పు ఎక్కడెక్కడ ఉంటుందో లెక్కేయండి. సాయంత్రం దేవుడి దగ్గర దీపం. అగరుబత్తి. మంచం కింద దోమల కాయిల్. ల్యాకర్ థిన్నర్ ఆవిరి గాలి కంటే బరువు, నేల మీదకి దిగి పాకుతుంది. మంచం కింద కాయిల్ అంటే సరిగ్గా అది వెళ్లే దారిలో పెట్టినట్టు. స్ప్రే చేసే గదిలో ఇవేవీ వద్దు.

ఇక్కడ ఒక్కటి సీరియస్‌గా చెప్పాలి. కార్లకి వేసే 2కే క్లియర్ కోట్ అని ఉంటుంది, హార్డెనర్ కలిపి కొట్టేది. మోడల్ కార్ల మీద అద్దంలా మెరుస్తుంది, వీడియోలు చూస్తే నాకే టెంప్టింగ్‌గా ఉంటుంది. ఆ హార్డెనర్లలో సాధారణంగా ఐసోసయనేట్లు ఉంటాయి. వాటివల్ల ఆస్తమా రావొచ్చు, ఒకసారి శరీరానికి పడకుండా అయితే తర్వాత చాలా కొంచెం తగిలినా రియాక్షన్ వస్తుంది. ప్రొఫెషనల్ పెయింటర్లు దీనికి బయటినుంచి పైపు ద్వారా మంచి గాలి వచ్చే మాస్కులు వాడతారు. బెడ్‌రూమ్‌లో దీన్ని కొట్టొద్దు. మోడల్ మెరవకపోయినా పర్లేదు.

రెండోది గాలి, అంటే కంప్రెసర్. నా లెక్కలో సెటప్ మొత్తంలో ఎక్కువ డబ్బు పోవాల్సింది దీని మీద.

ఇప్పుడు అన్నిచోట్లా కనిపిస్తోంది కదా, చేతిలో పట్టేంత చిన్నది, ఛార్జింగ్ పెట్టుకునేది, గన్ కిందే మోటార్ ఉండేది. నెయిల్ ఆర్ట్ వాళ్లు, కేకులు చేసేవాళ్లు వాడతారు. వాళ్లకి ఓకే. మనకి ప్రాబ్లమ్ ఏంటంటే, చాలా మోడల్స్‌లో ప్రెషర్ మన చేతిలో ఉండదు. ట్యాంక్ లేదు కాబట్టి గాలి కూడా ఒకే ధారగా కాకుండా కొట్టుకుంటూ వస్తుంది. సన్న గీత గీయబోతే చుక్కలు చుక్కలుగా పడుతుంది.

నేను రికమెండ్ చేసేది ట్యాంక్, రెగ్యులేటర్, మాయిశ్చర్ ట్రాప్ మూడూ ఉన్న చిన్న పిస్టన్ కంప్రెసర్. ఏఎస్-186 అనే టైప్ చాలా పేర్లతో అమ్ముతారు, స్టిక్కర్ మారుతుంది, బాడీ అదే. మూడు లీటర్ల ట్యాంక్. ట్యాంక్‌లో నాలుగు బార్ రాగానే మోటార్ ఆగుతుంది, మూడుకి దిగగానే మళ్లీ మొదలవుతుంది. ఇప్పుడు ఆన్ చేస్తున్నా, వినండి. ఇదీ సౌండ్. ఆ, ఆగింది. పాత ఫ్రిజ్ కంటే కొంచెం ఎక్కువ, మిక్సీ కంటే చాలా తక్కువ. రాత్రి పదకొండుకి కొట్టినా కింద ఇంటివాళ్లు పైకి రారు.

ట్యాంక్ గురించి ఒక అపోహ ఉంది. కరెంట్ పోయినా ట్యాంక్‌లో గాలితో నడిపించొచ్చు అంటారు. లెక్క వేద్దాం, బీటెక్ ఎక్కడో ఒకచోట పనికిరావాలి కదా. మూడు లీటర్ల ట్యాంక్, నాలుగు బార్ నుంచి ఒక బార్‌కి దిగేదాకా వాడితే మనకి వచ్చే మామూలు గాలి మూడింటిని మూడు పెట్టి గుణిస్తే తొమ్మిది లీటర్లు. ఎయిర్‌బ్రష్ నిమిషానికి సుమారు పది లీటర్లు తాగుతుంది అనుకోండి, నిమిషం కూడా రాదు. కాబట్టి ట్యాంక్ స్టోరేజ్ కాదు, బఫర్. మీ ఫోన్‌లో వీడియో చూస్తుంటే నెట్ ఆగుతూ ఆగుతూ వస్తున్నా బొమ్మ ఆగకుండా నడుస్తుంది చూడండి, ముందే కొంత లోడ్ అయి ఉంటుంది కాబట్టి. ఇదీ అంతే. మోటార్ దడదడా పంపే గాలిని ట్యాంక్ మింగి, మనకి ఒకే ధారగా ఇస్తుంది.

ట్యాంక్ ఇంకో మేలు కూడా చేస్తుంది. అది నీళ్లకి సంబంధించింది. గాలిలో తేమ ఉంటుంది. గాలిని నొక్కితే తేమ కూడా దగ్గరికి నొక్కుకుంటుంది. నాలుగు బార్ గేజ్ అంటే బయట ఉన్న ఒక బార్ కూడా కలిపి అసలు ప్రెషర్ ఐదు. అంటే బయట హ్యుమిడిటీ ఇరవై శాతం ఉన్నా, ట్యాంక్‌లో చల్లబడ్డాక అది వంద శాతం! ఇరవై అంటే హైదరాబాద్‌లో ఏప్రిల్ మధ్యాహ్నం పొడి గాలి. మరి వైజాగ్‌లోనో కాకినాడలోనో ఎనభై శాతం ఉన్న రోజు? నాలుగు వందలు. వంద దాటింది గాల్లో ఉండలేదు, నీళ్లుగా మారాలి. అంటే ఆ తేమలో మూడొంతులు నీళ్లై కింద పడుతుంది. ట్యాంక్ ఉంటే గాలి అందులో చల్లబడి ఆ నీళ్లు అక్కడే పడతాయి. ట్యాంక్ లేకపోతే వేడి గాలి నేరుగా పైపులోకి వెళ్లి, పైపులో చల్లబడి, ఆ నీటి చుక్క మీరు మూడు గంటలు కష్టపడ్డ రెక్క మీద తుప్పున ఉమ్మినట్టు పడుతుంది.

అందుకే కోస్తాలో ఉన్నవాళ్లు, చెన్నైలో ఉన్నవాళ్లు, వానాకాలంలో అందరూ గుర్తుపెట్టుకోండి: ట్యాంక్ అడుగున ఒక స్క్రూ ఉంటుంది, పని అయిన ప్రతిసారీ కొంచెం గాలి ఉండగానే దాన్ని తిప్పి నీళ్లు వదిలేయండి. చాలామందికి ఆ స్క్రూ ఉన్నట్టే తెలీదు. వదలకపోతే ట్యాంక్ లోపల తుప్పు పడుతుంది. తేమ బాగా ఎక్కువ ఉన్న ఊరైతే గన్ కింద పెట్టుకునే చిన్న రెండో మాయిశ్చర్ ట్రాప్ దొరుకుతుంది, అది వేసుకోండి. పెద్ద ఖర్చు కాదు.

ప్రెషర్ ఎంత పెట్టాలి? మామూలుగా 12 నుంచి 20 పీఎస్ఐ మధ్య. ఒక బార్ అంటే 14.5 పీఎస్ఐ, కాబట్టి ఒక బార్ దగ్గర మొదలుపెట్టండి. ట్రిగ్గర్ నొక్కి గాలి వదులుతూ గేజ్ చూడండి. గాలి పోనప్పుడు చూపించేది వేరు, పోతున్నప్పుడు పడిపోతుంది, మనకి కావాల్సింది రెండోది. కనెక్షన్ దగ్గర సుయ్ మని సౌండ్ వస్తుంటే గ్యాస్ సిలిండర్‌కి చూసినట్టే సబ్బు నురగ పెట్టి చూడండి, బుడగలు వచ్చిన చోట ప్లంబర్లు వాడే టెఫ్లాన్ టేప్ ఒక చుట్టు చుట్టండి. పైపు మరలు చాలా కంపెనీలవి 1/8 సైజు, కానీ బ్యాడ్జర్, పాష్ లాంటి అమెరికన్ కంపెనీల మరలు వేరుగా ఉంటాయి, అడాప్టర్ కావాలి. ఆర్డర్ పెట్టేముందే చూసుకోండి, లేకపోతే గన్ వచ్చి వారం రోజులు డబ్బాలోనే ఉంటుంది.

ఇప్పుడు అందరూ వెయిట్ చేస్తున్న గన్. దీని గురించి తక్కువే చెప్తా.

డ్యూయల్ యాక్షన్, గ్రావిటీ ఫీడ్, 0.3 నాజిల్. మొదటి గన్‌కి ఈ మూడు మాటలు చాలు. డ్యూయల్ యాక్షన్ అంటే ట్రిగ్గర్ కిందికి నొక్కితే గాలి, వెనక్కి లాగితే రంగు. గ్రావిటీ ఫీడ్ అంటే రంగు కప్పు పైన ఉంటుంది, తక్కువ రంగుతో, తక్కువ ప్రెషర్‌తో పని జరుగుతుంది. 0.2 నాజిల్ కొంటే సన్న గీతలు వస్తాయని మొదట్లోనే దానికి వెళ్లకండి. అది ఊరికే మూసుకుపోతుంది, విసుగొచ్చి హాబీనే మానేస్తారు. ప్రైమర్, మెటాలిక్ రంగులు ఎక్కువ కొట్టేవాళ్లకి 0.5 హాయిగా ఉంటుంది. జపాన్ వాళ్ల ఇవాటా, మిస్టర్ హాబీ ప్రోకాన్ బాయ్, జర్మనీ వాళ్ల హార్డర్ అండ్ స్టీన్‌బెక్, ఇవి మంచి గన్‌లు, ఏళ్ల తరబడి ఉంటాయి. చైనా క్లోన్ గన్‌తో నేర్చుకోవచ్చా? నేర్చుకోవచ్చు. నా కండిషన్ ఒక్కటే, దానికి స్పేర్ నాజిల్, స్పేర్ నీడిల్ విడిగా దొరకాలి. నీడిల్ మొన ఒక్కసారి టేబుల్‌కి తగిలి వంగిందంటే స్ప్రే పక్కకి పోతుంది. స్పేర్ దొరకని గన్ ఆ రోజుతో పేపర్‌వెయిట్.

రంగులు. ఇక్కడ కెమిస్ట్రీ కొంచెం తెలిస్తే డబ్బు మిగులుతుంది. మనకి ఎక్కువగా ఎదురయ్యేవి మూడు రకాలు. వాయేహో లాంటివి నిజంగా నీళ్ల రంగులు. టామియా ఎక్స్, ఎక్స్ఎఫ్ సీసాలు అక్రిలిక్ అని రాసి ఉంటాయి కానీ వాటి లోపల ఆల్కహాల్ జాతి సాల్వెంట్లు ఉంటాయి, వాటి సొంత థిన్నర్ ఎక్స్-20ఏ. మూడోది మిస్టర్ కలర్ లాంటి అసలు ల్యాకర్లు, ఘాటు వాసన, పూత మాత్రం గట్టిగా, నున్నగా వస్తుంది. అక్రిలిక్ అనే పేరు చూసి టామియాలో వాయేహో థిన్నర్, వాయేహోలో ఆల్కహాల్ కలిపేస్తుంటారు. వాయేహోలో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గానీ ల్యాకర్ థిన్నర్ గానీ పోస్తే పాలు విరిగినట్టు విరిగిపోతుంది. అదీ కప్పులో కాదు, నాజిల్ లోపల. ఇక ఆ గంట మొత్తం క్లీనింగే.

అదే టామియాకి అయితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ బాగానే కలుస్తుంది. ఎక్స్-20ఏ దొరకని ఊళ్లో ఇది పెద్ద రిలీఫ్. ల్యాకర్లు మండే పదార్థాలు కాబట్టి విమానంలో పంపడానికి రూల్స్ ఉంటాయి, అందుకే మన దగ్గర ఒక నెల ఉంటాయి, రెండు నెలలు ఉండవు. దొరికే సిరీస్ ఒకటి ఎంచుకుని దాని మీదే చేయి తిప్పుకోండి. ఇరవై సీసాలు వద్దు. ఈ మిగ్‌కి కావాల్సినవి చూడండి: ప్రైమర్, ఒక బూడిద రంగు, నలుపు, తెలుపు, సిల్వర్, మ్యాట్ క్లియర్. ఆరు.

పెయింట్ షాపులో దొరికే ఎన్‌సీ థిన్నర్ సంగతి అడుగుతుంటారు, లీటర్ చవగ్గా వస్తుంది కదా అని. గన్ లోపలి మెటల్ పార్ట్స్ క్లీన్ చేయడానికి వాడండి, మాస్క్ పెట్టుకుని. రంగులో కలిపి మోడల్ మీద కొట్టొద్దు, చాలా ఘాటు, ప్లాస్టిక్‌ని తినే ఛాన్స్ ఉంది. గన్ మొత్తాన్ని దాంట్లో నానబెట్టకండి కూడా, లోపల చిన్న రబ్బర్ రింగులు ఉబ్బిపోతాయి. గన్‌ప్లా చేసేవాళ్లకి ఒక్క మాట, కొన్ని కిట్స్‌లో జాయింట్లు ఏబీఎస్ ప్లాస్టిక్. ఎనామిల్ థిన్నర్ దాని పగుళ్లలోకి దిగితే చేయి ఊడి చేతికొస్తుంది. రన్నర్ ఫ్రేమ్ మీద ఏ ప్లాస్టిక్ అనేది అచ్చు వేసి ఉంటుంది, చూసుకోండి.

ఎంత పల్చగా కలపాలి? ఇంగ్లీష్ వీడియోల్లో పాలలాగా అంటారు. ఏ పాలు? గేదె పాలు చిక్కగా ఉంటాయి, అవి కాదు. నీళ్లు కలిపి పోసే పాలవాడి పాలు. కప్పు అంచున చుక్క జారిస్తే వెంటనే కిందికి దిగాలి, వెనకాల పల్చటి రంగు పొర మిగలాలి. టామియాకి రంగు ఒక వంతు, థిన్నర్ ఒక వంతుతో మొదలుపెట్టి, అక్కడినుంచి చుక్క చుక్క పెంచండి. మే నెలలో తెలంగాణ ఎండల్లో రంగు గన్ నుంచి మోడల్ చేరేలోపే గాల్లో ఆరిపోయి సాండ్‌పేపర్‌లా గరుగ్గా పడుతుంది. అప్పుడు థిన్నర్ కొంచెం ఎక్కువ, దూరం కొంచెం తక్కువ, వీలైతే పొద్దున్నే కూర్చోండి. వానాకాలంలో ల్యాకర్ కొడితే దీనికి ఉల్టా, పూత పాలిపోయి తెల్లగా మంచు పట్టినట్టు అవుతుంది. థిన్నర్ త్వరగా ఎగిరిపోతూ సర్ఫేస్‌ని చల్లబరుస్తుంది, గాల్లో తేమ దాని మీద వాలుతుంది. నెమ్మదిగా ఆరే లెవెలింగ్ థిన్నర్ వాడితే చాలావరకు తగ్గుతుంది. జోరువాన రోజైతే కొట్టకుండా ఉండటమే మేలు, ఆ రోజు పార్ట్స్ గీకుతూ కూర్చోండి.

మాస్కింగ్ టేప్ టామియాదే తీసుకోండి, ఆరు మిల్లీమీటర్లది ఒకటి, పద్దెనిమిదిది ఒకటి. హార్డ్‌వేర్ షాపు టేప్ గోడలకి, దాని జిగురు కాక్‌పిట్ గ్లాస్ మీద మిగిలిపోతుంది. నైట్రైల్ గ్లవ్స్, డ్రాపర్లు, టిష్యూలు, పళ్ల మధ్య క్లీన్ చేసే చిన్న బ్రష్‌లు, అన్నీ మెడికల్ షాపులో అయిపోతాయి.

క్లీనింగ్ దగ్గర మళ్లీ ఆగాలి. గన్ పాడైంది అని నాకు వచ్చే పది ఫొటోల్లో ఎక్కువ భాగం గన్ పాడవలేదు, లోపల రంగు ఎండిపోయింది. రంగు మార్చిన ప్రతిసారీ కప్పులో థిన్నర్ పోసి, నాజిల్ ముందు టిష్యూ అడ్డం పెట్టి గాలి వదిలితే గాలి వెనక్కి తన్ని కప్పులో బుడబుడా బుడగలు వస్తాయి, ఎండిన ముక్కలన్నీ పైకొస్తాయి. దాన్ని పారబోసి, మళ్లీ పోసి, క్లియర్‌గా వచ్చేదాకా కొట్టండి. రోజు చివర్లో నీడిల్ వెనక్కి లాగి తీసి, టిష్యూలో పెట్టి మొన వైపుకి తుడవండి, మొన నుంచి వెనక్కి కాదు, వేలికి గుచ్చుకుంటుంది, మొన వంగుతుంది. నాజిల్ బియ్యపు గింజంత ఉంటుంది. సింక్ మీద విప్పకండి, పోతే పోయినట్టే. కింద లేత రంగు టవల్ పరచుకోండి. బిగించేటప్పుడు స్పానర్‌తో బలం చూపించొద్దు, మర విరిగి సగం లోపల ఉండిపోతుంది. వాడేసిన థిన్నర్ సింక్‌లో పోయకుండా గట్టి మూత ఉన్న గాజు సీసాలో పోసి పెట్టండి. రెండు రోజులకి రంగు అడుక్కి దిగుతుంది, పైన తేటని ఫస్ట్ క్లీనింగ్‌కి మళ్లీ వాడొచ్చు. సీసా మీద పెద్దక్షరాలతో పేరు రాసి, పిల్లలకి అందని చోట పెట్టండి. వాటర్ బాటిల్‌లో మాత్రం పోయొద్దు, ఎవరో ఒకరు నీళ్లనుకుంటారు.

ఇక అన్నీ వచ్చాయి, టేబుల్ మీద పెట్టారు. కిట్ మీద మొదలుపెట్టకండి. కప్పులో నీళ్లు, నాలుగు చుక్కల ఇంక్ వేసి పాత న్యూస్‌పేపర్ మీద గీతలు గీయండి. ముందు గాలి, తర్వాత రంగు, ఆపేటప్పుడు ముందు రంగు ఆపి, చివర్లో గాలి. ఈ ఆర్డర్ వేలికి అలవాటు కావాలి, మెదడుకి కాదు. దాని తర్వాత ప్లాస్టిక్ స్పూన్లు. పార్టీ స్పూన్ల ప్యాకెట్ తెచ్చుకుని, ప్రైమర్ కొట్టి, రంగు కొట్టండి. స్పూన్ గుండ్రంగా ఉంటుంది, విమానం బాడీ కూడా గుండ్రమే, కాబట్టి రంగు ఎక్కడ కారుతుందో, ఎక్కడ గరుగ్గా పడుతుందో దాని మీదే తెలిసిపోతుంది. ఒక్కో స్పూన్ వెనక మార్కర్‌తో ఎంత ప్రెషర్, రంగు ఎంత, థిన్నర్ ఎంత, ఆ రోజు ఎండా వానా రాసుకోండి. నా దగ్గర అలాంటివి ఇదిగో, డబ్బా నిండా ఉన్నాయి. ఏ చార్ట్ కంటే ఇదే నాకు ఎక్కువ పనికొస్తుంది, ఎందుకంటే ఇవి నా కంప్రెసర్‌తో, మా ఊరి గాలిలో కొట్టినవి.

బడ్జెట్ గురించి సూటిగా అడిగేవాళ్లకి: మొత్తం పది రూపాయలు ఉంటే, రెండు మాస్క్‌కి, గాలి బయటికి పంపడానికి. నాలుగు కంప్రెసర్‌కి. రెండు గన్‌కి. మిగతా రెండు రంగులు, థిన్నర్‌కి. ఇప్పుడు అంత లేదంటే, మాస్క్ కొనుక్కుని స్ప్రే క్యాన్‌తో టెర్రస్ మీద కొట్టుకుంటూ డబ్బులు దాచుకోండి. ఆ మాస్క్ రేపు ఎయిర్‌బ్రష్‌కి కూడా పనికొస్తుంది, స్ప్రే క్యాన్‌కి కూడా అది కావాల్సిందే.

ఈ మిగ్‌కి ప్రైమర్ కొట్టడం నెక్స్ట్ ఎపిసోడ్‌లో లైవ్‌గా చూపిస్తాను, రియల్ టైమ్‌లో, కటింగ్ లేకుండా. మీ ఊరు పేరు, మీరు వాడే రంగుల సిరీస్ కింద రాయండి, ఎవరెవరికి తేమ ప్రాబ్లమ్ ఎక్కువ ఉందో చూసి దాని మీద విడిగా ఒకటి చేద్దాం. ఉంటా మరి, బై.